చల్లారేదాకా ఆపకూడదు

హద్దూ బండిలో తాళం చెవి ముట్టుకోవడమూ, పడుకున్న కుక్క తోక తొక్కడమూ ఒకటే అని కొండమీది తిజ్గా ఊరి టాక్సీ స్టాండులో అందరికీ తెలుసు. తెలియనివాళ్లు మైదానం నుంచి కొత్తగా వచ్చినవాళ్లు. అలాంటి ఒక బడి పంతులుగారు, కనుమ ఎక్కి వచ్చి బండి ఆగాక కూడా ఇంజన్ గుర్రుమంటూనే ఉంటే, డ్రైవరు మరిచిపోయాడేమోనని మంచితనానికి పోయి చెయ్యి చాపాడు. హద్దూ ఆ చేతిని గాలిలోనే పట్టుకున్నాడు.

"నీ బండా ఇది? నీ బాబు కొనిచ్చాడా?"

"ఊరు వచ్చేసింది కదా, డీజిల్ వృథా అని..."

"వృథా అయితే నాకవుతుంది! దిగు! పుస్తకాలు చదువుకో పో!"

పాపం, ఆయన మళ్లీ ఆ బండి ఎక్కలేదు. హద్దూకి చీమ కుట్టినట్టయినా లేదు. సీట్లో వెనక్కి వాలి సిగరెట్ వెలిగించాడు. అదీ ఆయన లెక్క. కనుమ ఎక్కి వచ్చిన ఇంజన్ని వెంటనే ఆపడు. సిగరెట్ సగం దాకా కాలాలి. అందాకా అది నిలకడగా కొట్టుకుంటూ ఉండాలి. ఆ తర్వాతే తాళం తిప్పుతాడు. స్టాండులో కుర్రకారు ఏడిపించేవారు.

"ఏం హద్దూ మామా, ఇంజన్‌కి జోల పాడుతున్నావా?"

"పాడుతున్నా. మీ అత్త నిద్ర పట్టట్లేదంటే చెప్పు, వచ్చి పాడతా."

ఈ మనిషి పుట్టుకతోనే ఇలా ఇంజన్ని ఒళ్లో పెట్టుకుని పెంచలేదు. వయసులో ఉన్నంతకాలం నడిపింది పాతకాలం పెద్ద బండి. దాని ఇంజన్‌లో ఏ నూనె పోసినా తాగేది, సుత్తితో కొట్టినా కిమ్మనేది కాదు. కనుమ దిగేటప్పుడు ఆపేసి జారిపోవడం, స్టాండులోకి రాగానే టక్కున కట్టేయడం, ఈ పాడు అలవాట్లన్నీ ఆ కాలంలోవే. సర్కారు ఆ బండ్లన్నీ పక్కన పెట్టించి అందరి చేతా ఏడు సీట్ల కొత్త చిన్న డీజిల్ బండ్లు కొనిపించాక కూడా చేతులు అవే, అలవాట్లు అవే. మొదటి చలికాలంలోనే హద్దూ బండిలో, ఇంజన్లోకి గాలి ఊదే టర్బో పోయింది. బూఅజ్జా మేస్త్రీ దాన్ని విప్పి ఆయన అరచేతిలో పెట్టాడు. నత్తగుల్లలా ఉంది. లోపల చిటికెనవేలంత ఇరుసు.

"ఇదేనా? ఇంతేనా?" అన్నాడు హద్దూ.

"ఇంతే. ఇది కంటికి ఆనకుండా తిరుగుతుంది, పల్చటి ఆయిల్ పొర మీద. కొండెక్కి వచ్చేసరికి నిప్పు కణికలా ఉంటుంది. నువ్వు తాళం తిప్పగానే ఆయిల్ రావడం ఆగిపోతుంది. అక్కడున్న ఆయిల్ అక్కడే మాడుతుంది. పొయ్యి మీద నూనె మూకుడు మరిచిపోతే అడుగు ఎలా ఉంటుందో చూశావా? అదే బొగ్గు ఆయిల్ దారిలో అడ్డం పడుతుంది. తర్వాత ఎండిపోయి అరిగిపోయి విరుగుతుంది."

హద్దూ ఆ రోజు ఇంటికి మౌనంగా పోయాడు. మర్నాటి నుంచి మాత్రం మౌనంగా ఉంటే ఒట్టు! ఆయిల్ మార్చడం కంపెనీ పుస్తకంలో రాసినదానికన్నా ముందే. ఫిల్టర్ ముందే. చలి పొద్దున ఇంజన్ వెచ్చబడేదాకా గేరు లాగడు. పైగా మిగతా డ్రైవర్లు ఎవరు టక్కున ఆపినా వాళ్ల బండి దగ్గరికి పోయి మరీ తిట్టేవాడు. "హంతకుడా!" అని ఒక ముసలి డ్రైవర్ని అంటే, ఆయన నిజంగా ఎవరినో చంపాడనుకుని ప్యాసింజర్లు దిగిపోయారు.

ఈ పిచ్చికి ఒక కారణం ఉంది, దాని పేరు ఇట్టో. హద్దూ అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది, తివాచీలు నేసి తిండి పెట్టింది. ఇప్పుడు ఆమె రెండు కిడ్నీలూ పనిచేయవు. వారంలో సోమ, బుధ, శుక్రవారాలు కనుమ దాటి కింద ఉన్న పట్నం బెని మెల్లాల్‌లో డయాలసిస్ మెషీన్ మీద పడుకోవాలి. ఒకసారి మంచు పడి దారి మూసుకుపోతే ఒక్క రోజు తప్పింది. ఆ రాత్రి పడుకుంటే ఊపిరాడక, గోడకానుకుని కూర్చుని, చేప నోరు తెరిచినట్టు తెరిచి తెల్లవార్లూ గాలి కోసం కొట్టుకుంది. హద్దూ పక్కనే కూర్చుని చూశాడు. అప్పటినుంచి ఆయనకి ఇంజన్ చప్పుడులో తేడా వస్తే అక్క ఊపిరి గుర్తొస్తుంది. ముందు సీటు ఆమెది. ఆ మూడు రోజులూ గవర్నర్ వచ్చి అడిగినా అది ఇంకొకరికి ఇవ్వడు.

బండి ఒకటే, డ్రైవర్లు ఇద్దరు. పగలు హద్దూ, చీకటి పడ్డాక ద్రీస్. ద్రీస్ అంటే హద్దూ భార్య రుక్యాకి తమ్ముడు. ముప్పై దాటినవాడు, నవ్వు మొహం. బావ ఎంత అరిచినా "సరే బావా" అని నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వే హద్దూకి ఇంకా మంట.

రంజాన్ వచ్చింది. నోట్లో నీటిచుక్క లేదు సరే, సిగరెట్ లేదు. మామూలు హద్దూనే భరించలేం, సిగరెట్ లేని హద్దూని ఎవరు భరిస్తారు? పొద్దు ఎక్కేకొద్దీ ఆయన మాట కర్రలా అయ్యేది. అక్కని తీసుకెళ్లే మూడు రోజులూ సూర్యాస్తమయం దాకా తనే నడిపేవాడు. మెషీన్ మీంచి ఆమె లేచేసరికి సాయంత్రం. కనుమ ఎక్కి వచ్చేసరికి సరిగ్గా ఉపవాసం విడిచే ఇఫ్తార్ వేళ. మిగతా రోజుల్లో మధ్యాహ్నమే బండి ద్రీస్‌కి ఇచ్చి, ఇంటికి పోయి మొహాన గుడ్డేసుకుని పడుకునేవాడు.

నెల సగం దాటాక ఇంజన్ ఈలలో తేడా వచ్చింది. స్టార్ట్ చేస్తే నీలం పొగ. రోజూ తెల్లారి ఆయిల్ చూసే కమ్మీ తీసి చూస్తే మట్టం కిందికి, ఇంకా కిందికి. హద్దూ ఇక ఆగలేదు. శనివారం మధ్యాహ్నం బండిని స్టాండు పక్కనే ఉన్న బూఅజ్జా షెడ్డుకి తోలుకెళ్లాడు, ద్రీస్‌ని కూడా రమ్మన్నాడు. మేస్త్రీ పొద్దు వాలేదాకా నిదానంగా పైపులు ఒక్కొక్కటే ఊడదీసి, వేలు లోపల పెట్టి తీశాడు. వేలంతా ఆయిల్. ఇరుసుని పట్టుకుని ఊపాడు. ఊగింది. ఆయిల్ గొట్టాన్ని రేకు మీద తట్టాడు. నల్లటి పలుకులు రాలాయి.

"బొగ్గు. ఎవరో వేడి మీద ఆపేస్తున్నారు హద్దూ."

అంతే. హద్దూ తల ద్రీస్ వైపు తిరిగింది.

"నువ్వే!"

"నేను కాదు బావా."

"నువ్వు కాక దెయ్యమా? సాయంత్రం మసీదులో అజాన్ అనగానే సూప్ గిన్నె కోసం లగెత్తుతావు! ఇంజన్ ఏమైపోతే నీకేంటి! ఇది ఎవరి ప్రాణంరా? నీ ప్రాణమా? మా అక్క ప్రాణం!"

"ఒట్టు బావా, నేనెప్పుడూ..."

"గొడవలు తర్వాత," అని మేస్త్రీ గొంతు పెంచాడు. "ముందు ఇద్దరూ వినండి. కొత్త టర్బో కాసాబ్లాంకా నుంచి రావాలి, పండగ అయితేగాని రాదు. అందాకా బండి కదపొద్దు. ఇది పూర్తిగా విరిగిందా, ఇంజన్ తన ఆయిల్ తనే తాగి పిచ్చెక్కినట్టు పరిగెడుతుంది. అప్పుడు తాళం తీసి జేబులో వేసుకున్నా ఆగదు. పై గేరు వేసి, బ్రేకు మీద నిలబడి, క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తే..."

ద్రీస్ విన్నాడు. హద్దూ వినలేదు. అప్పటికే బావమరిది చొక్కా పట్టుకుని షెడ్డు బయటికి లాగుతున్నాడు. అరుపులు, సర్దిచెప్పేవాళ్లు, మళ్లీ అరుపులు. ద్రీస్ విడిపించుకుని స్టాండుకి పోయి బల్ల దగ్గర కూర్చున్నాడు. మిగతా డ్రైవర్లంతా గిన్నెలు ముందు పెట్టుకుని, చేతిలో ఖర్జూరం పట్టుకుని అజాన్ కోసం చెవులు రిక్కించి ఉన్నారు. సరిగ్గా అప్పుడు, మసీదు మైకు గరగరమంటున్నప్పుడు, హద్దూ వచ్చి అందరిముందూ ద్రీస్ జేబులో చెయ్యి పెట్టి తన బండి రెండో తాళం లాక్కున్నాడు.

"అందరూ చూడండి! నా ఉప్పు తిని నా ఇంజన్ పీక పిసికినవాడు! ఇంకెప్పుడూ వీడి చెయ్యి నా బండి మీద పడకూడదు!"

"బావా, అల్లా సాక్షి. నేను ఒక్కసారి కూడా వేడి మీద ఆపలేదు."

"రోజా ఉన్న నోటితో అబద్ధమా! థూ!"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరు సాక్ష్యం చెప్పగలరు? అజాన్ వేళ ఎవడు ఏ ఇంజన్ ఎప్పుడు ఆపాడో ఎవడికి తెలుసు, అందరి తలలూ గిన్నెల్లోనే ఉంటాయి కదా! ద్రీస్ మొహంలో నవ్వు పోయింది. ఖర్జూరం బల్లమీద పెట్టేసి లేచి వెళ్లిపోయాడు. రోజంతా పస్తున్న మనిషిని ఇఫ్తార్ బల్ల మీంచి లేపడం! చెప్పుకుంటేనే సిగ్గు. హద్దూకి మాత్రం సిగ్గు వేయలేదు, తను చేసింది న్యాయమే అనిపించింది. ఆ రాత్రి ఇంట్లో రుక్యా ఆయన ముందు ఖాళీ గిన్నె పెట్టింది.

"మా తమ్ముణ్ణి పదిమందిలో అబద్ధాలకోరుని చేశావు. నీ హరీరా సూప్ నువ్వే వండుకో."

ఆదివారానికల్లా ద్రీస్ పక్కవీధి హాజీ గారి టాక్సీకి డ్రైవరు అయ్యాడని తెలిసింది. హద్దూ "పీడ పోయింది" అన్నాడు.

సోమవారం వచ్చింది. అక్కని వేరే బండిలో పంపమని మేస్త్రీ చెప్పాడు, రుక్యా చెప్పింది. మా అక్కని ఇంకొకడి బండిలో కూలిమనిషిలా పంపాలా అని ఇంతెత్తున లేచాడు. ఊడదీసిన పైపులు తనే బిగించుకుని, మెల్లగా పోతే ఏమీ కాదు, ఆయిల్ డబ్బా వెనక వేసుకుంటే సరిపోతుంది అన్నాడు. ఇంజన్ గురించి ఊరందరికీ పాఠాలు చెప్పిన మనిషి మాట్లాడే మాటేనా అది? పంతం ఎక్కినవాడికి చెవులుండవు.

ఇట్టో ముందు సీట్లో కూర్చుంది, వెనక అయిదుగురు. ఊరు దాటేదాకా ఆమె ఏమీ అనలేదు. కనుమ మొదలయ్యాక నోరు విప్పింది.

"ఒరే హద్దూ, ద్రీస్‌ని ఏదో అన్నావట."

"అన్నాను. ఇంకా అంటాను."

"వేడి మీద ఇంజన్ ఆపేశాడనా?"

"అవును! నీ ప్రాణం మీదికి తెచ్చాడు, నీకర్థం కాదు!"

"నాకెందుకు అర్థం కాదురా? నీ పక్కన కూర్చునేదాన్ని నేనే కదా. ఆపేది నువ్వు."

"నేనా!"

"నువ్వే. మామూలు రోజుల్లో సిగరెట్ సగం కాలేదాకా ఆపవు. రంజాన్‌లో సిగరెట్ ఏదీ? అజాన్ తొలిమాట వినపడగానే చెయ్యి దానంతటదే తాళం తిప్పేస్తుంది, నువ్వు ఖర్జూరం కోసం పరిగెడతావు. నన్ను దింపడానికి కూడా ఉండవు. మొన్న శుక్రవారం నేనే తలుపు తీసుకుని దిగాను. నిరుడూ అంతే, అంతకుముందు ఏడూ అంతే."

"అక్కా, నోరు మూసుకో!"

"డాక్టరు నన్ను రోజా ఉండొద్దన్నాడు గాని నోరు మూసుకోమనలేదు."

"నేను ఆపుతానా? నేను! ఈ కొండ మీద టర్బో సంగతి నాకు తెలిసినంత ఎవడికి తెలుసు?"

మాట మాటకీ ఆయన కాలు యాక్సిలరేటర్ మీద బిగుస్తూ పోయింది. ఎదర లారీ, ఎక్కుడు దారి. కోపంలో దాన్ని దాటేశాడు. ఇంజన్ ఈల కాస్తా కీచుగా మారింది. టప్‌మని లోపల ఏదో విరిగింది. ఆ వెంటనే, ఆయన కాలు తీసేసినా, ఇంజన్ తనంతట తనే రేజ్ అయింది.

వెనక అద్దంలో రోడ్డు లేదు, తెల్లని పొగ తప్ప. హద్దూ క్లచ్ తొక్కి, బ్రేకు తొక్కి, బండిని ఎలాగో కొండ పక్కకి చేర్చి గేరు తీసేశాడు. పట్టు లేకపోయేసరికి అది ఇంకా రెచ్చిపోయింది. తాళం తిప్పాడు. ఆగలేదు. పీకేశాడు. ఆగలేదు. తాళం చెవి చేతిలో ఉంది, ఇంజన్ ఊళ పెడుతోంది, బానెట్ ఊగుతోంది. వెనకవాళ్లు కేకలు పెడుతూ దూకి పారిపోయారు. ఇట్టోకి అంత త్వరగా కాళ్లు లేవవు. హద్దూ చుట్టూ తిరిగొచ్చి ఆమెని రెండు చేతులా ఎత్తి పొగలోంచి బయటికి తెచ్చి బండరాయి మీద కూర్చోబెట్టాడు. ఆమె దగ్గుతోంది. గాలి కోసం నోరు తెరుస్తోంది. అదే నోరు, ఆ మంచు రాత్రి నాటిదే. హద్దూ రోడ్డు మధ్యకి పరిగెత్తాడు.

"ఆపండిరా ఎవరైనా! ఆపండి!" అని అరిచాడు. ఊరందరికీ ఇంజన్ ఆపొద్దని చెప్పిన మనిషి!

వెనకాల ఒక టాక్సీ వచ్చి ఆగింది. అందులోంచి ద్రీస్ దూకాడు. బావని చూడలేదు, తాళం అడగలేదు. సరాసరి పొగలోకి దూరి హద్దూ సీట్లో కూర్చున్నాడు. పై గేరు, బ్రేకు మీద ఒళ్లంతా బరువు, క్లచ్ ఒక్కసారిగా వదిలాడు. బండి గొంతు పట్టుకున్నట్టు గింజుకుని, రెండడుగులు ముందుకి గెంతి, చచ్చింది. కనుమలో మేకల గంటలు వినపడ్డాయి.

ద్రీస్ దిగి ఇట్టో దగ్గరికి పోయి చెయ్యి అందించాడు.

"రా వదినా. మెషీన్ టైమ్ అవుతోంది."

తన బండిలో ముందు సీట్లో ఉన్నాయన్ని బతిమాలి దింపి ఆమెని కూర్చోబెట్టాడు. హద్దూ నోరు తెరవబోయాడు. ద్రీస్ గేరు వేసి వెళ్లిపోయాడు.

గొర్రెల లారీ ఒకటి హద్దూ బండిని వెనక్కి ఊరికి లాక్కొచ్చింది. దారి పొడవునా ఆయన స్టీరింగ్ పట్టుకుని తన కుడిచేతినే చూసుకున్నాడు. శుక్రవారం గుర్తొచ్చింది. మైకు గరగర, ఎండిన నాలుక, ఎదురుగా బల్లమీద ఖర్జూరాల పళ్లెం. తాళం తిప్పిన క్షణం మాత్రం ఎంత వెతికినా గుర్తు రాలేదు. కానీ పళ్లెం దగ్గర నిలబడినప్పుడు ఆ చేతిలో తాళం ఉంది. వెనక బండిలో చప్పుడు లేదు. బుధవారం? ఉంది. సోమవారం? ఉంది. "ఓరి దరిద్రుడా," అన్నాడు గట్టిగా. ఎవరినంటున్నాడో లారీలోని గొర్రెలకి అర్థం కాలేదు.

సాయంత్రం స్టాండులో బల్లలు వేశారు. హద్దూ వచ్చాడని అందరూ చూసి చూడనట్టు ఊరుకున్నారు. ఆయన ఒక గిన్నెలో హరీరా పోయించుకున్నాడు గాని కూర్చోలేదు. కనుమ దారి కేసి చూస్తూ నిలబడ్డాడు. అక్క వేళకి అందుకుందా? మెషీన్ దొరికిందా? బండ్లు ఒక్కొక్కటే దూసుకొచ్చి టక్కుటక్కున ఆగుతున్నాయి, డ్రైవర్లు పరిగెడుతున్నారు. అజాన్ మొదలైంది. ద్రీస్ బండి అప్పుడు వచ్చింది, స్టాండు చివర గోడవార ఆగింది. ప్యాసింజర్లు దిగి ఉరికారు. ఇట్టో ముందు సీట్లో ఉంది. మొహం పాలిపోయి ఉన్నా ఊపిరి మామూలుగా ఆడుతోంది, ద్రీస్ ఇచ్చిన ఖర్జూరం నములుతోంది.

ఇంజన్ మాత్రం ఆగలేదు. ద్రీస్ రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని, పెదాలు ఎండిపోయి, కదలకుండా కూర్చున్నాడు. అజాన్ అయిపోయింది. బల్లల మీద తలలన్నీ గిన్నెల్లో ఉన్నాయి. ద్రీస్ ఇంకా కూర్చునే ఉన్నాడు. రోజూ ఇలాగే కూర్చున్నాడన్నమాట! ఆ రోజుల్లో తను ఇంట్లో మొహాన గుడ్డేసుకుని పడుకున్నాడు, చూసిందెక్కడ?

హద్దూకి తల కొట్టేసినట్టయింది. అయినా మొన్న ఎంత గట్టిగా అరిచాడో ఇప్పుడూ అంత గట్టిగానే అరిచాడు.

"అందరూ వినండి! తలలెత్తండి! ఇంజన్ని చంపింది ద్రీస్ కాదు. నేను! అబద్ధమాడింది నేను! వాణ్ణి పస్తుతో లేపిన వెధవని నేను!"

చెంచాలు ఆగాయి. హద్దూ గిన్నె పట్టుకుని గోడవారకి నడిచి ద్రీస్ కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"తాగరా. నువ్వు తాగితేగాని నేను నోట్లో ఏమీ పెట్టను."

"ఇంజన్ ఇంకా వేడిగా ఉంది బావా. ఆగు."

ఆగాడు. కాళ్లు లాగుతున్నా, కడుపు కాలుతున్నా, వెనకనుంచి అందరూ చూస్తున్నా ఆగాడు. ఇట్టో ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇంకో ఖర్జూరం నోట్లో వేసుకుంది. చివరికి ద్రీస్ తాళం తిప్పి, దిగి, గిన్నె అందుకుని నిలబడే తాగాడు. హద్దూ జేబులోంచి తన బండి రెండో తాళం తీసి చాచాడు. ద్రీస్ దానికేసి చూశాడు గాని తీసుకోలేదు.

"పండగ దాకా హాజీ గారికి మాటిచ్చాను. ఆ తర్వాత సంగతి మా రుక్యా అక్కతో మాట్లాడి చెప్తాను."

కోపం హద్దూ గొంతు దాకా వచ్చింది. ఏదో అనబోయి, ఇట్టో మొహం చూసి, మింగేశాడు. ఖాళీ గిన్నె తీసుకుని, అక్కకి తలుపు తీసి చెయ్యి అందించాడు.